కనపడని జతగాడి జాడ

ఫిబ్రవరి నెల మధ్యలో రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో ఆరుబయట దక్షిణ దిక్కుగా తిరిగి నిలబడండి. తళతళ మెరిసే ఒక చుక్క ఇట్టే కంటపడుతుంది. రాత్రి ఆకాశంలో చంద్రుణ్ణి, కొన్ని గ్రహాలను మినహాయిస్తే అంత ప్రకాశంగా కనిపించే చుక్క మరొకటి లేదు. దాని పేరు సిరియస్. మనవాళ్ళు దాన్ని లుబ్ధకం అనీ, మృగవ్యాధుడనీ అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆ వేళకు అది దక్షిణాన సుమారు 55 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

ఇప్పుడు ఎడమ చేతిని ముందుకు చాచి పిడికిలి బిగించండి. సిరియస్ నుండి తూర్పుగా, అనగా మీ ఎడమవైపుగా, పిడికిలి వెడల్పుకు కాస్త తక్కువ దూరంలో, దాదాపు అదే ఎత్తున ఒక మసక చుక్క ఉంది. దీపాలు లేని పొలం గట్టున, చంద్రుడు లేని రాత్రి అయితే మంచి చూపు ఉన్నవారికి లీలగా అందుతుంది. బైనాక్యులర్స్ ఉంటే సులువు. దాని పేరు ఆర్ కానిస్ మెజారిస్.

ఒకటి అన్నిటికంటే ప్రకాశమైనది, మరొకటి కంటికి ఆననిది. అయినా వీటికొక పోలిక ఉంది. రెండింటికీ మన కంటికి కనిపించని జతగాళ్ళున్నారు. సిరియస్ జతగాణ్ణి మొదట అమెరికాలో చూశారు. రెండో చుక్క జతగాడి జాడ తీయడంలో మన హైదరాబాదు శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన పాత్ర ఉంది. కనిపించని దాన్ని ఉందని ఎలా చెప్పగలిగారు? చెప్పినా, అది నిజమని ఎలా నమ్మాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

వెతకడం ఎందుకు కష్టం?

నక్షత్రం ఎంత వెలుగునిస్తుందనేది ముఖ్యంగా దాని ద్రవ్యరాశి మీద ఆధారపడి ఉంటుంది. ద్రవ్యరాశి కొంచెం తగ్గితే వెలుగు చాలా తగ్గిపోతుంది. సూర్యుడిలో మూడో వంతు ద్రవ్యరాశి ఉన్న చుక్క సూర్యుడి వెలుగులో మూడో వంతు ఇవ్వదు. సుమారు నూరో వంతు మాత్రమే ఇస్తుంది. ఇంకా తేలికైన వాటి సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి మసక చుక్క ఒక ప్రకాశమైన చుక్క పక్కనే ఉంటే ఏమవుతుంది? లారీ హెడ్‌లైటు పక్కన ఎగిరే మిణుగురును దూరం నుంచి చూడబోయినట్టే. మిణుగురు ఉంటుంది, వెలుగుతూనే ఉంటుంది. కాని మన కళ్ళు హెడ్‌లైటు వెలుగుకే చెదిరిపోతాయి.

కనుక శాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. జతగాడి వెలుగును వెతకడం మాని, దాని బరువు చేసే పనిని వెతికారు.

కావడి చెప్పే సూత్రం

కావడి మోసే మనిషిని మీరు చూసే ఉంటారు. రెండు వైపులా సమానమైన బరువులుంటే బద్ద నడిమి భాగం భుజం మీద ఆనుతుంది. ఒక వైపు బరువు ఎక్కువైతే అతడు భుజాన్ని ఆ వైపుకు జరుపుకుంటాడు. బరువును, భుజం నుండి దాని దూరంతో గుణిస్తే వచ్చే సంఖ్య రెండు వైపులా సమానంగా ఉండాలి. అప్పుడే కావడి నిలుస్తుంది.

ఆకాశంలోని జంట చుక్కలకు కూడా ఇదే సూత్రం. తేలిక చుక్క బరువైన చుక్క చుట్టూ తిరుగుతుందని మనం అంటాం. నిజానికి రెండూ కలిసి ఒక బిందువు చుట్టూ తిరుగుతాయి. దాన్ని ద్రవ్యరాశి కేంద్రం అంటారు. కావడిలో భుజం ఉన్న చోటు అదే. తేలిక చుక్క దూరంగా పెద్ద చుట్టు తిరుగుతుంది. బరువైన చుక్క దగ్గరగా చిన్న చుట్టు తిరుగుతుంది. కాబట్టి తేలిక చుక్క కనిపించకపోయినా, బరువైన చుక్క చిన్న చుట్టు తిరుగుతున్నట్టు తేలితే చాలు. రెండో వైపు ఏదో ఉండి తీరాలి.

1844లో జర్మన్ శాస్త్రజ్ఞుడు బెసెల్ ఈ విధంగానే సిరియస్‌కు కనిపించని తోడు ఉందని ప్రకటించాడు. ఏళ్ళ తరబడి కొలిచిన స్థానాలను వరుసగా పెట్టి చూస్తే సిరియస్ ఆకాశంలో తిన్నగా సాగడం లేదు, అటూ ఇటూ ఊగుతూ పోతున్నది. 18 ఏళ్ళ తరువాత, 1862 జనవరి 31న, అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ ఒక కొత్త దూరదర్శినిని పరీక్షిస్తూ సిరియస్ పక్కనే సన్నని చుక్కను చూశాడు. బెసెల్ చెప్పిన తోడు అదే. రెండూ కలిసి సుమారు 50 ఏళ్ళకు ఒక చుట్టు పూర్తి చేస్తాయి. ఆ తోడు ద్రవ్యరాశి దాదాపు సూర్యుడంత, పరిమాణం మాత్రం భూమి అంత! తన ఇంధనం ఖర్చయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం అది. దాన్ని తెల్ల మరుగుజ్జు అంటారు.

మద్రాసులో వినిపించిన తొలి మాట

బెసెల్ విజయం చూసి ఇతరులకు ఉత్సాహం వచ్చింది. వారిలో ఒకరు మద్రాసు నక్షత్రశాల అధిపతి కెప్టెన్ విలియం స్టీఫెన్ జాకబ్. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం. సర్పధారి మండలంలో 70 ఒఫియూచి అనే జంట చుక్కలున్నాయి. మనకు సుమారు 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉండి, 88 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతాయి. వాటి కొలతలు లెక్కవేసిన కక్ష్యతో సరిపోకపోవడం జాకబ్ గమనించాడు. అక్కడ ఒక గ్రహం ఉండి లాగుతూ ఉండవచ్చునని, అది చాలావరకు సంభవమని 1855లో రాశాడు. సూర్యుడు కాని మరొక నక్షత్రానికి గ్రహం ఉందని కొలతల ఆధారంగా చెప్పిన తొలి ప్రకటనల్లో ఇది ఒకటి.

కాని అది నిలవలేదు. 1896లో అమెరికాలో టి.జె.జె. సీ అనే ఆయన మళ్ళీ అదే చుక్కకు కనిపించని తోడు ఉందన్నాడు. అలాంటి కక్ష్యలో ఏ వస్తువూ ఎక్కువ కాలం నిలవలేదని 1899లో ఫారెస్ట్ మౌల్టన్ గణితంతో చూపించాడు. జాకబ్ చూసిన తేడాలు కొలతల్లోని చిన్న చిన్న పొరపాట్ల వల్ల వచ్చినవే.

జాకబ్ పట్టిన దారి తప్పు కాదు. బెసెల్ దారి కూడా అదే. తేడా ఎక్కడుంది? సిరియస్ ఊగడం కొలతల్లో ఉండే పొరపాటు కంటే పెద్దది. 70 ఒఫియూచిలో కనిపించిన తేడా ఆ పొరపాటు కంటే పెద్దది కాదు. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

రంగాపూర్ దూరదర్శిని

హైదరాబాదులో నిజామియా నక్షత్రశాల 1901లో ఏర్పడింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చింది. నగరంలో దీపాలు పెరిగితే మసక చుక్కలను చూడటం కష్టం. అందుచేత నగరానికి ఆగ్నేయంగా జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర మరొక నక్షత్రశాల కట్టి, 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పారు. అక్కడ ఎక్కువగా సాగిన పని జంట చుక్కల పరిశీలన. అందులో ఒక చుక్క ఆర్ కానిస్ మెజారిస్.

ఇది గ్రహణాలు పట్టే చుక్క. దూరదర్శినిలో చూసినా ఒక్కటిగానే కనిపిస్తుంది కాని, నిజానికి ఒకదానికొకటి చాలా దగ్గరగా తిరిగే రెండు చుక్కలు. 27 గంటల 16 నిమిషాలకు ఒకసారి మసక చుక్క ప్రకాశమైన చుక్కకు అడ్డం వస్తుంది. వెలుగు తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. 1887లో సాయర్ అనే అమెరికన్ పరిశీలకుడు దీన్ని కనుగొన్నాడు. అప్పటి నుండి వివిధ దేశాల పరిశీలకులు ఆ గ్రహణాల సమయాలను రాసిపెడుతూ వచ్చారు.

గ్రహణ సమయాన్ని ఎలా కొలుస్తారు? దూరదర్శినిలోకి వచ్చిన వెలుగును ఒక గొట్టంలోకి పంపుతారు. ఆ గొట్టం వెలుగును విద్యుత్తుగా మారుస్తుంది. వెలుగు ఎక్కువైతే విద్యుత్తు ఎక్కువ, తక్కువైతే తక్కువ. మన గాలిలో పల్చని మబ్బు తెర అడ్డం వచ్చినా వెలుగు తగ్గుతుంది కదా! అందుచేత పక్కనున్న మార్పులేని మరో చుక్కను కూడా మార్చి మార్చి కొలుస్తారు. రెండూ ఒకేసారి తగ్గితే అది గాలి చేసిన పని. ఒక్కటే తగ్గితే అది గ్రహణం. వెలుగు అన్నిటికంటే తగ్గిన క్షణమే గ్రహణ మధ్యకాలం.

గడియారం తప్పిందా?

గ్రహణాలు క్రమం తప్పకుండా రావాలి. ఒకటి ఎప్పుడు వచ్చిందో తెలిస్తే వెయ్యోది ఎప్పుడు వస్తుందో గుణించి చెప్పవచ్చు. కాని ఆర్ కానిస్ మెజారిస్ గ్రహణాలు అలా రాలేదు. కొన్ని దశాబ్దాలపాటు లెక్క కంటే ముందుగా వచ్చాయి. మరికొన్ని దశాబ్దాలపాటు ఆలస్యంగా వచ్చాయి.

దీని అర్థం ఏమిటో తెలియాలంటే ఒక ఉదాహరణ చూడండి. మీరు కోరుట్లలో ఉన్నారు. మీ మేనమామ ఊరూరా తిరిగే బట్టల వ్యాపారి. ప్రతి ఉదయం సరిగ్గా ఆరు గంటలకు, తాను ఉన్న ఊరి నుండి ఒక మనిషిని సైకిలు మీద మీ ఇంటికి పంపుతాడు. సైకిలు వేగం ఎప్పుడూ గంటకు 12 కిలోమీటర్లే. మామ జగిత్యాలలో ఉంటే దూరం సుమారు 25 కిలోమీటర్లు. కాబట్టి ఆ మనిషి ఎనిమిది దాటగానే వస్తాడు. మామ సిరిసిల్లలో ఉంటే దూరం దానికి రెట్టింపుకు పైగా. పది దాటినా రాడు. మామ ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరూ చెప్పనక్కరలేదు. మనిషి వచ్చిన వేళను బట్టి మామ దగ్గరగా ఉన్నాడో దూరంగా ఉన్నాడో మీరే చెప్పగలరు.

ఇక్కడ సైకిలు మనిషి బదులు కాంతి. దాని వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. జంట చుక్కలు రెండూ కలిసి మనకు దగ్గరగా వచ్చినప్పుడు గ్రహణ వార్త ముందుగా అందుతుంది. దూరంగా పోయినప్పుడు ఆలస్యంగా అందుతుంది. మరి ఆ జంట ముందుకూ వెనక్కూ ఎందుకు ఊగుతుంది? కావడి రెండో చివర మూడో చుక్క ఒకటి ఉండాలి!

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన రాధాకృష్ణన్, ఎం.బి.కె. శర్మ, కె.డి. అభ్యంకర్ ఈ చుక్కను పరిశీలించి, పాత సమయాలన్నిటినీ తమ కొలతలతో కలిపి లెక్కవేశారు. గ్రహణాల తేడా సుమారు 91 ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తున్నదని, దానికి కారణం కనిపించని మూడో చుక్క అని 1984లో ప్రచురించారు. 1887 నుండి 1980ల వరకు ఈ జంటకు 30 వేలకు పైగా గ్రహణాలు పట్టాయి. అందులో మనుషులు చూసి రాసినవి కొన్నే. ఆ కొన్నే ఈ రహస్యాన్ని బయటపెట్టాయి.

రెండో సాక్షి

ఇక్కడ మీరు ఒక ప్రశ్న వేయాలి. జాకబ్ కూడా ఇలాగే చెప్పాడు కదా? ఇది మాత్రం నిజమని ఎలా నమ్మడం?

మంచి ప్రశ్న. గ్రహణాల వేళ మారడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. ఇలాంటి దగ్గరి జంటల్లో ఒక చుక్క నుండి మరో చుక్కకు పదార్థం ప్రవహించే వీలుంది. అప్పుడు అవి తిరిగే కాలమే మారిపోతుంది. పైగా 1887 నుండి 1984 వరకు గడిచిన కాలం దాదాపు ఒక్క చుట్టుకే సరి. ఒక్కసారి జరిగినదాన్ని చూసి మళ్ళీ మళ్ళీ జరుగుతుందని గట్టిగా చెప్పలేం. కాబట్టి గడియారంతో సంబంధం లేని రెండో సాక్షి కావాలి.

ఆ సాక్షి ఆకాశం నుండే వచ్చింది. యూరప్ దేశాలు 1989లో హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపాయి. అది 1993 వరకు లక్షకు పైగా చుక్కల స్థానాలను అతి సూక్ష్మంగా కొలిచింది. ఇది గ్రహణాల వేళలను కాదు, ఆకాశంలో చుక్క ఉన్న చోటును కొలిచిన సాక్ష్యం. రిబాస్, ఆరెనూ, గినాన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ కొలతలను, నూరేళ్ళకు పైబడిన గ్రహణ సమయాలను కలిపి 2002లో లెక్కవేశారు. రెండు సాక్ష్యాలు ఒకే మాట చెప్పాయి. ఆ జంట తిన్నగా సాగడం లేదు, ఒక పెద్ద కక్ష్యలో తిరుగుతున్నది.

ఆ కక్ష్య సగం వెడల్పు మన కంటికి ఎంత కోణం చేస్తుందో తెలుసా? ఒక డిగ్రీలో 3600వ వంతును సెకను అంటారు. ఇది అందులో 0.117 వంతు మాత్రమే. జగిత్యాలలో నిలబడి సిరిసిల్లలో పెట్టిన రెండున్నర సెంటీమీటర్ల బిళ్ళను చూస్తే దాదాపు అంత కోణం!

లెక్క చూద్దాం

గ్రహణాలు సగటు వేళకు అటు 2574 సెకన్లు, ఇటు 2574 సెకన్లు జరిగాయి. అంటే సుమారు 43 నిమిషాలు. కాంతి వేగంతో గుణిస్తే 77 కోట్ల కిలోమీటర్లు వస్తుంది. సూర్యుడికీ గురుగ్రహానికీ మధ్య ఉన్న దూరం దాదాపు ఇంతే. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని 1 అనుకుంటే ఇది 5.1.

జంట చుక్కల మొత్తం ద్రవ్యరాశి సూర్యుడికి 1.24 రెట్లు. మూడో చుక్క ద్రవ్యరాశి సూర్యుడిలో 0.34 వంతు అని తేలింది. కేంద్రం నుండి దాని దూరం 18.7. ఇప్పుడు కావడి సూత్రం వేసి చూడండి. 1.24ను 5.1తో గుణిస్తే 6.3. 0.34ను 18.7తో గుణిస్తే 6.4. కావడి నిలిచింది!

కెప్లర్ మూడో నియమం కూడా చూద్దాం. రెండు దూరాలు కలిపితే 23.8. దాని ఘనాన్ని, చుట్టు కాలమైన 92.8 ఏళ్ళ వర్గంతో భాగిస్తే మొత్తం ద్రవ్యరాశి రావాలి. భాగిస్తే 1.57 వస్తుంది. 1.24, 0.34 కలిపితే 1.58. తేడా దాదాపు లేదు. పదో తరగతి విద్యార్థికి అందే లెక్కతో 140 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కనిపించని చుక్కను తూచవచ్చు!

1984 నాటి హైదరాబాదు లెక్కలో 91 ఏళ్ళు, 2002 నాటి లెక్కలో 92.8 ఏళ్ళు. కొలతలు మెరుగైనకొద్దీ అంకె కొద్దిగా జరిగింది కాని మాట మారలేదు. నిజమైన ఫలితం లక్షణం ఇదే.

ఇంకా తేలికైన తోడు

సూర్యుడిలో మూడో వంతు ఉన్నది ఎంత మసకైనా నక్షత్రమే. ద్రవ్యరాశి ఇంకా తగ్గుతూ పోతే ఏమవుతుంది? సూర్యుడిలో సుమారు 0.08 వంతు కంటే తక్కువైతే లోపల హైడ్రోజన్ నిలకడగా మండేంత వేడి పుట్టదు. ఈ హద్దును 1960ల మొదట్లో లెక్కకట్టిన వారిలో భారతదేశంలో పుట్టి అమెరికాలో పనిచేసిన శివ్ కుమార్ ముఖ్యుడు. అలాంటి వాటికి 1975లో జిల్ టార్టర్ గోధుమ మరుగుజ్జులు అని పేరు పెట్టింది. పేరు పెట్టాక కూడా స్పష్టంగా ఒకటి కనబడటానికి 20 ఏళ్ళు పట్టింది. మనకు 19 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న గ్లీజ్ 229 అనే చుక్క పక్కన అది 1995లో దొరికింది. అది ఉండవలసిన దానికంటే మసకగా ఉండటం శాస్త్రజ్ఞులను చాలాకాలం కలవరపెట్టింది. 2024లో కారణం తెలిసింది. అది ఒకటి కాదు, 12 రోజులకు ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు!

జాకబ్ కథ మళ్ళీ జరిగిన సంగతి కూడా చెప్పుకోవాలి. మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న బర్నార్డ్ చుక్క ఊగుతున్నదని, దానికి గురుగ్రహం వంటి గ్రహం ఉందని 1963లో వాన్ డి క్యాంప్ ప్రకటించాడు. ఆయన ఏళ్ళ తరబడి ఫొటోలు తీసి కొలిచాడు. 1973లో వేరొక దూరదర్శినులతో చూస్తే ఊగడం లేనేలేదు. ఆయన దూరదర్శిని కటకాన్ని సర్దిన సమయాల్లోనే చుక్క జరిగినట్టు కనిపించిందని తేలింది. ఊగింది చుక్క కాదు, పరికరం! చివరకు వేరే పద్ధతిలో 2024లో ఆ చుక్కకు నిజంగానే ఒక గ్రహం దొరికింది, 2025 నాటికి మొత్తం నాలుగని తెలిసింది. కాని అవి భూమి కంటే తేలికైన చిన్న గ్రహాలు. వాన్ డి క్యాంప్ చెప్పినవి కావు.

కనుక కనిపించని దాన్ని వెతికేవారికి రెండు నియమాలు. ఒకటి, కనిపించిన తేడా మన కొలతలో ఉండే పొరపాటు కంటే పెద్దదేనా అని చూడాలి. రెండు, మొదటి సాక్షితో సంబంధం లేని రెండో సాక్షి దొరికేదాకా ఓపిక పట్టాలి.

ఓపిక అంటే ఎంతో చూడండి. 1887లో మొదటి గ్రహణం రాసుకున్న మనిషికి మూడో చుక్క సంగతి తెలియదు. తెలుసుకోవాలని ఆయన రాయలేదు కూడా. గడియారం చూసి నిజాయితీగా ఒక అంకె రాసిపెట్టాడు, అంతే. ఆ అంకె తొంభై ఏళ్ళ తరువాత రంగాపూర్‌లో పనికొచ్చింది. 1887 నుండి లెక్కవేస్తే ఆ మూడో చుక్క రెండో చుట్టు 2072–73 ప్రాంతంలో పూర్తవుతుంది. అప్పటికి మీలో చాలామందికి అరవై దాటి ఉంటాయి. అది సరిగ్గా లెక్క ప్రకారం తిరిగిందో లేదో చూసే అవకాశం మీ తరానిదే.

మీరే చేయండి

1. ఆర్ కానిస్ మెజారిస్‌కు ఈ రాత్రి 9 గంటలకు గ్రహణం పట్టిందనుకోండి. తరువాతి గ్రహణం ఎప్పుడు?

2. మూడో చుక్క అదే దూరంలో, అనగా 18.7 దగ్గర ఉండి, ద్రవ్యరాశి మాత్రం సూర్యుడిలో 0.1 వంతే అయితే గ్రహణాలు ఎన్ని నిమిషాలు ముందూ వెనుకా అవుతాయి? సూర్యుడి నుండి భూమికి కాంతి రావడానికి 499 సెకన్లు పడుతుంది. కక్ష్యను వృత్తమని అనుకోండి.

3. దాని బదులు గురుగ్రహమంత, అనగా సూర్యుడిలో వెయ్యో వంతు ద్రవ్యరాశి ఉన్న వస్తువు ఉంటే? గ్రహాలను ఈ పద్ధతిలో పట్టడం ఎందుకు కష్టమో మీ మాటల్లో రాయండి.

జవాబులు: 1. మర్నాటి రాత్రి 12 గంటల 16 నిమిషాలకు. 2. సుమారు పన్నెండున్నర నిమిషాలు. 3. సుమారు ఏడున్నర సెకన్లు.